గుర్రమూ, రౌతూ
(ఉగాది ఉత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠము)



పంచాంగ శ్రవణమూ, పిల్లల పాటలూ వుండగా ఈ రైల్వే గుమాస్తా బొమ్మగుర్రాలను గురించి మాట్లాడటమేమిటని మీకు తోచవచ్చు. కర్రవీ, మట్టివీ, ప్లాస్టికువీ గుర్రపురౌతుల బొమ్మలను కూడబెట్టటం నాకు అలవాటు. ఆ అలవాటు వల్ల తెలిసిన ఒక్క సంగతి మనవంటి వలసవచ్చిన కుటుంబాలకు పనికివస్తుందని విన్నవించుకొంటున్నాను.

ముందు దూరదేశపు ముచ్చట. అమెరికాలో విస్కాన్సిన్ రాష్ట్రంలో హార్ట్‌లాండ్ అనే ఊరున్నది. 1950లలో అక్కడి హార్ట్‌లాండ్ ప్లాస్టిక్స్ కంపెనీవారు టెలివిజను కౌబాయి కథల వీరులను ప్లాస్టికు బొమ్మలుగా పోతపోసి అమ్మారు. లోన్ రేంజరుకు సిల్వర్ అనే తెల్లగుర్రము. అతని తోడు టాంటోకు స్కౌట్. రాయ్ రోజర్సుకు ట్రిగర్. రౌతును దింపవచ్చు, జీను విప్పవచ్చు, టోపీ తీయవచ్చు, తుపాకి చేతికివ్వవచ్చు. పిల్లలు తనివితీరా ఆడుకొన్నారు. టోపీలూ తుపాకులూ ఎక్కడెక్కడో పోయినవి. నేడు వాటిని సేకరించేవారికి గుర్రము కంటే ఆ గోరంత టోపీ దొరకటమే కష్టము. అన్నీ వున్నదానికే విలువ. మీద కొత్తరంగు పూస్తే ఆ విలువ కూడా పడిపోతుంది.

ఆ టెలివిజను కథలు మనమెరుగము. వాటిలో పేరుపడ్డ 'గన్‌స్మోక్' 1955లో మొదలై 1975లో ముగిసింది. మద్రాసుకు దూరదర్శన్ వచ్చినదే 1975లో. మనవారికి తెలుగు మాట్లాడే కౌబాయిని చూపినది 1971లో వచ్చిన కృష్ణగారి 'మోసగాళ్లకు మోసగాడు'.

అయినా బొమ్మల సంగతి మనకు ఒకరు చెప్పవలసినది కాదు. విజయవాడ దగ్గరి కొండపల్లిలో తేలికైన తెల్లపొణికి కర్రను చెక్కి, చేతులూ కాళ్లూ విడిగాచేసి, చింతగింజల జిగురు కలిపిన రంపపుపొట్టుతో అతికి, సున్నము పూసి రంగులు వేస్తారు. ఏటికొప్పాకలో అంకుడు కర్రను తరిణిపట్టి లక్కరంగు ఎక్కిస్తారు. మనకు దగ్గరలో, బెంగుళూరు దాటి మైసూరు దారిలోని చెన్నపట్నంలో వాడేదీ ఆ జాతి చెట్టు కర్రే, ఆ లక్కే. ఇక తమిళనాట పొలిమేరలలో అయ్యనార్ మట్టిగుర్రాలు వుండనే వున్నవి.

ఇప్పుడు అసలు సంగతి. పార్సెలు ఆఫీసులో సామాను చెక్కుచెదరకపోయినా, దానిమీది చీటీ ఊడిపోతే అది ఎవరిదో తెలియదు. బొమ్మ సంగతీ అంతే. కొలువు పెట్టెలోని గుర్రము ఎవరి పుట్టింటినుంచి వచ్చినదో, ఏ తిరునాళ్లలో కొన్నదో, దానికి ఇంట్లో ఏమని పేరో తెలిసినది ఒక్క అమ్మమ్మకో నాయనమ్మకో. ఆమె తరువాత అది వట్టి కర్రముక్క. అమెరికావారు టోపీకోసం వెదకుతున్నారు. మనము పోగొట్టుకొనేది చీటీ. టోపీని మళ్లీ పోతపోయవచ్చు. ఆమె మాటను పోయలేము.

మరొకటి. ధర్మపురిలో మన పిల్లలు బడిలో తమిళమూ ఇంగ్లీషూ చదువుతున్నారు. జీను, కళ్లెము, రికాబు అనే మాటలు వారికి ఎక్కడ దొరకాలి? రౌతుబొమ్మ చేతికిచ్చి, వేలుపెట్టి చూపి చెబితే, ఆ మాటలు ఆటలోనే అబ్బుతాయి.

కాబట్టి నా మనవి మూడు మాటలు. పాతబొమ్మకు పండుగపేరున ఎనామిలు రంగు పూయకండి; తడి తగలనీయక మెత్తని పొడిగుడ్డతో తుడవండి. ఊడిన చెవినీ తోకనూ పారవేయక పొట్లము కట్టి బొమ్మతోనే వుంచండి. పెద్దలు వుండగానే వారి నడిగి, బొమ్మ కథను తెలుగులో చీటీమీద వ్రాసి పెట్టెలో పెట్టండి. ఆ వ్రాతపని పిల్లలచేతనే చేయిస్తే మరీ మంచిది.

రౌతు కొద్దీ గుర్రమని సామెత. మన ఇంటి బొమ్మగుర్రాలకు రౌతులము మనమే.