సముద్రతీరమున బాలికావిద్య



నెల్లూరుమండలములోని పొట్లపూడి గ్రామమును మీలో పెక్కుమంది యెఱుఁగుదురు. 1892వ సంవత్సరమున జన్మించిన పొణకా కనకమ్మగారు బాల్యముననే వివాహమై యాయూరికి వచ్చిరి. బడికి పోయి చదివిన చదువు లేదు. ఇంటనుండియే తెలుఁగు, సంస్కృతము, హిందీ యభ్యసించిరి. తమకు దొరకని బడి తక్కిన యాడుబిడ్డలకైన దొరకవలెనని కాఁబోలు, 1923లో నెల్లూరున కస్తూరిదేవీ విద్యాలయమును నెలకొల్పిరి. 1929లో గాంధీమహాత్ములు దాని భవనమునకు శంకుస్థాపనము చేసిరి.

ఆ కాలమున ఆడుబిడ్డను బడికి పంపుటయే సాహసము. నేఁడట్లు కాదు. తీరమునందలి పల్లెపాలెములలో సయితము బాలికలు పలక పట్టుచున్నారు. చిక్కంతయు నాపైనే కలదు. తల్లి తెల్లవాఱకమున్నే చేపలగంప నెత్తికెత్తుకొని యమ్మకమునకు పోవును. ఇంట పసిబిడ్డ నెత్తుకొనువారెవరు? పెద్దకూఁతురే. పైతరగతుల బడి పొరుగూర నున్నది. దూరము పోవు పిల్లకు తోడెవరని తండ్రి యడుగుట తప్పనఁజాలను.

2021 నుండి ఆఫ్ఘనిస్తానమున ఆఱవతరగతి దాఁటిన బాలికలకు బడితలుపులు మూసివేసిరి. పాకిస్తానమున మలాలా యను బాలిక, ఆడుపిల్లలకు చదువు కావలెనని పలికినందుకు 2012లో తుపాకిదెబ్బ తిని బ్రదికి, 2014లో పదునేడేండ్లకే నోబెల్ శాంతిబహుమానము నందెను. అచ్చట తలుపు మూసినవారు పాలకులు. మనకట్లు కాదు. 2010 ఏప్రిల్ 1వ తేదినుండి యమలునకు వచ్చిన విద్యాహక్కుచట్టము ఆఱేండ్లు మొదలు పదునాలుగేండ్లవఱకు బిడ్డలందఱికి ఉచితవిద్య నిచ్చుచున్నది. 2006వ సంవత్సరపు చట్టమునుబట్టి పదునెనిమిదేండ్లు నిండక యాడుపిల్లకు పెండ్లి చేయరాదు. చదువుహక్కు పదునాలుగేండ్లకే నిలిచిపోవును. పెండ్లియీడు పదునెనిమిదింటికిఁగాని రాదు. నడుమనున్న యీ నాలుగేండ్ల చదువు ఆ చట్టముల చేతిలో లేదు, ఇంటివారి చేతిలోను మీ చేతిలోను ఉన్నది.

ఇంకొకమాట. ఏఁటేఁట ఏప్రిల్ 15 మొదలు జూన్ 14 వఱకు మరపడవలకు వేట నిషేధము. ప్రభుత్వము భృతి నిచ్చినను, ఆ రెండుమాసములు ఇంట కాసు మెదలదు. బడులు తెఱచునదియు జూన్ నెలలోనే! కొడుకు చదువునకు అప్పు చేసెడి తండ్రి కూఁతురి విషయమున "వచ్చే యేఁడు చూతము" అనును. ఆ వచ్చే యేఁడు రాదు. పడవపాళ్లకును, వలల తగవులకును కట్టుబాటు చేయఁగల పెద్దలు, ఊరి సొమ్ములోనుండి నలుగు రైదుగురు బాలికల బండిబాడుగకు కొంత తీయలేరా? తోడు పోవుటకు ఒక పెద్దముత్తైదువను కుదుర్పలేరా?

అదియు సాగనిచోట, 2004లో నేర్పడిన కస్తూర్బాగాంధీ బాలికావిద్యాలయములు కలవు. ఆఱవతరగతి మొదలు వసతియు భోజనమును ఉచితము. అయితే దరఖాస్తు బడులు తెఱచుటకు మునుపే పెట్టవలెను. పడవలు మరల కడలి కెక్కినపిదప పోయి యడిగినవానికి అచ్చట స్థలము దొరకదు.