ఏంటెనా చోకును కొలవడం ఎలా?
(ఉపకార వేతనాల ప్రదాన సభలో చేసిన ప్రసంగ పాఠం)



సోలాపూర్, బరంపురం, హోసూరు, యానాం. ఏ ఊళ్లో స్థిరపడినా మన తల్లిదండ్రులు నన్ను అడిగే ప్రశ్న ఒకటే. "మావాడు ఎలక్ట్రానిక్స్ చదువుతున్నాడండీ, ఖరీదైన పరికరాలు కొనివ్వకపోతే వెనకబడిపోతాడా?" కొందరు నగలు తాకట్టు పెట్టడానికి కూడా సిద్ధపడుతున్నారు. దీనికి జవాబుగా ఉపదేశం చెయ్యను, ఒక ప్రయోగం చెబుతాను.

ట్యూబులైటు చోకు మీ అందరికీ తెలుసు. రేడియో ఏంటెనాకు కూడా చోకు ఉంటుంది. కేబుల్ టీవీ వైరు లాంటి కోయాక్సియల్ కేబుల్‌ను ఫెర్రైట్ రింగు చుట్టూ పది పన్నెండు చుట్లు చుడితే అదే కోయాక్స్ చోకు. ఈ కేబుల్‌లో మధ్య ఒక తీగ, దాని చుట్టూ లోహపు అల్లిక ఉంటాయి. సిగ్నల్ మధ్య తీగలో ఒక దిశలో, అల్లిక లోపలి ముఖం మీద ఎదురు దిశలో నడుస్తుంది. ఆ రెండింటి అయస్కాంత ప్రభావాలు పరస్పరం రద్దవుతాయి గనుక రింగు వాటిని అడ్డుకోదు. అయితే అల్లిక బయటి ముఖం మీద మూడో కరెంటు ఒకటి పాకుతుంది. ఇంట్లోని ఛార్జర్లు, ఎల్.ఇ.డి. బల్బులు పుట్టించే రొద ఆ దారినే రిసీవరులోకి చేరుతుంది. ఆ దారిని మూయడమే చోకు పని.

ఇదంత చిన్న విషయం కాదు. 2004 డిసెంబర్ 26న సునామీ వచ్చి అండమాన్ దీవుల్లో టెలిఫోన్లు మూగబోయినప్పుడు, హామ్ రేడియో పని మీద అప్పటికే అక్కడున్న భారతీ ప్రసాద్ గారు, ఆమె బృందం రేడియో ద్వారానే బాధితుల సమాచారం చేరవేశారు. అలాంటి వేళ అవతలి గొంతు సన్నగా వస్తుంది. రొద ఎక్కువైతే అది వినబడదు.

చోకు ఎంత గట్టిగా అడ్డుకుంటుందో చెప్పేది దాని ఇంపెడెన్స్, అంటే అవరోధం. దాన్ని ఓమ్‌లలో చెబుతారు. కొన్ని వేల ఓమ్‌లు ఉంటే మంచి చోకు. మల్టీమీటరుతో ఇది తెలియదు, అది దాదాపు సున్నా చూపుతుంది.

డిప్లొమా చదివే ఒక అబ్బాయి తన ప్రాజెక్టు చోకును నా దగ్గరకు తెచ్చాడు. వాళ్ల కాలేజీలోని ఖరీదైన ఎనలైజరు ఒకసారి 3000, మరోసారి 5000 చూపిందట. చోకు చెడిపోయిందని దిగులుపడుతున్నాడు. చోకులో లోపమేమీ లేదు. ఆ ఎనలైజరు సిగ్నల్ పంపి, తిరిగి వచ్చినదాన్ని కొలుస్తుంది. 50 ఓమ్‌ల పద్ధతిలో, 3000 ఓమ్‌ల నుంచి నూటికి 96.7 వంతులు తిరిగి వస్తాయి. 5000 ఓమ్‌ల నుంచి 98 వంతులు వస్తాయి. తేడా ఒక వంతు పైచిలుకు మాత్రమే. ఆ కాస్త తేడా ఏ పరికరంలోనైనా సులభంగా తప్పిపోతుంది.

మేము పాత సిగ్నల్ జనరేటరు, మామూలు ఆసిలోస్కోపు తీసుకున్నాం. జనరేటరు లోపలి నిరోధం 50 ఓమ్‌లు. ఆసిలోస్కోపు ఇన్‌పుట్‌కు రెండు 100 ఓమ్‌ల రెసిస్టర్లు సమాంతరంగా కలిపాం, అది మరో 50. రెండింటి గ్రౌండు తీగలను నేరుగా కలిపాం. చోకు రెండు కొసల్లోనూ మధ్య తీగను అల్లికతో కలిపి, ఒక కొసను జనరేటరుకు, మరో కొసను ఆసిలోస్కోపుకు తగిలించాం. ముందుగా, చోకు లేకుండా 7 మెగాహెర్ట్జ్ దగ్గర 1000 మిల్లీవోల్టులు వచ్చేలా సరిచేశాం. చోకు పెట్టగానే 32కు పడిపోయింది.

లెక్క ఇదీ: 1000ని 32తో భాగిస్తే 31 పైచిలుకు. అందులోంచి 1 తీసేసి, 100తో గుణించండి. 3000 ఓమ్‌లు చిల్లర. ఆ 100 ఏమిటంటే, రెండు యాభైల మొత్తం. ఇక్కడ చోకు 5000 అయివుంటే 20 మిల్లీవోల్టులే వచ్చేవి. 32కీ 20కీ తేడా కంటికే కనబడుతుంది. చోకు పూర్తిగా ప్రేరకంలా నడిచినా, 3000 దగ్గర ఈ లెక్కలో వచ్చే తేడా మూడు శాతం చిల్లర మాత్రమే.

దీన్ని నమ్మడమెలా? చోకు తీసి ఆ చోట 1000 ఓమ్‌ల రెసిస్టరు పెట్టండి. 91 రావాలి. 4700 పెడితే 21 రావాలి. వస్తే మీ అమరిక సరైనదే. తీగలు మాత్రం పొట్టిగా ఉండాలి, చోకు రెండు కొసలూ ఎడంగా ఉండాలి. వాటి మధ్య 2 పికోఫారడ్ల కెపాసిటెన్స్ చేరినా, 28 మెగాహెర్ట్జ్ దగ్గర అది సుమారు 2800 ఓమ్‌ల దొడ్డిదారి అవుతుంది. చోకు బాగున్నా కొలత తగ్గిపోతుంది. 2019 నుంచి బాగా వాడుకలోకి వచ్చిన చిన్న నానో వి.ఎన్.ఎ. పరికరంతో కొలిచేవారు కూడా చోకును రెండు పోర్టుల మధ్యే పెట్టాలి.

ఆ అబ్బాయి ఈ కొలతలన్నీ పట్టికగా రాసి, రెసిస్టర్లతో సరిచూసిన అంకెలతో సహా ప్రాజెక్టులో సమర్పించాడు. ఇందుకు కొత్తగా కొన్నవి కొన్ని రెసిస్టర్లే.

తల్లిదండ్రులారా, ఈ వేతనం సొమ్మును ముందు ఫీజుకు, పుస్తకాలకు వాడండి. పరికరాల కోసం అప్పు చెయ్యకండి. పిల్లలూ, మీ కాలేజీ ల్యాబులో ఒక గంట అడిగి తీసుకోండి. ఏ పరికరం అంకె చూపినా, విలువ తెలిసిన వస్తువుతో ముందు దాన్ని పరీక్షించండి. మీరు తమిళంలో చదివినా, కన్నడంలో చదివినా, ఒడియాలో, మరాఠీలో చదివినా ఆ అలవాటు వదలకండి.