అద్దం లేని కెమెరా: కొనేముందు నాలుగు మాటలు



పత్తి డబ్బు చేతికి రాగానే మన సరిహద్దు ఊళ్ళలో ఈమధ్య ఒక కొత్త కోరిక వినిపిస్తున్నది. "నాన్నా, ఒక కెమెరా కొనివ్వు. పెళ్ళిళ్ళకు ఫోటోలు తీసి నా ఖర్చులు నేనే చూసుకుంటాను" అంటున్నారు చదువు ముగించిన పిల్లలు. ఆవర్‌పూర్, గడ్‌చాందూర్, రాజురా వైపు ఒక పెళ్ళి మరాఠీలో జరిగితే పక్క వీధిలో మరొకటి తెలుగులో జరుగుతుంది. కాబట్టి పనికి కొదవ లేదు. అయితే ఆ కెమెరాకు పెట్టే సొమ్ము కొన్ని కుటుంబాలకు ఒక పంట మిగులు, మరికొన్ని కుటుంబాలకు అప్పు. అందుకే తక్కువ ధరలో దొరికే మిర్రర్‌లెస్ కెమెరా ఏమి చేయగలదో, ఏమి చేయలేదో ఈరోజు కొంచెం నిదానంగా తెలుసుకుందాం.

మిర్రర్‌లెస్ అంటే అద్దం లేనిది. పాత పెద్ద కెమెరాలలో లెన్సు వెనుక ఒక అద్దం ఉండేది. మనం కన్ను పెట్టి చూసే దృశ్యాన్ని అది పైకి పంపేది. బటన్ నొక్కగానే పైకి లేచి వెలుగుకు దారి ఇచ్చేది. 2008లో పానాసోనిక్ సంస్థ జీ1 అనే కెమెరాలో ఆ అద్దాన్ని తీసేసి, దాని బదులు కంటిదగ్గర చిన్న ఎలక్ట్రానిక్ తెర అమర్చింది. తరువాత మిగతా కంపెనీలూ అదే దారి పట్టాయి.

ఉదాహరణకు 2023లో వచ్చిన కానన్ ఈఓఎస్ ఆర్100 తీసుకుందాం. ఈ తరగతిలో చౌకరకం అది. ముందు దాని మంచిగుణాలు చూద్దాం.

బ్యాటరీ, కార్డుతో కలిపి దాని బరువు 356 గ్రాములు. అంటే అరకిలో కూడా లేదు. రాత్రంతా మెడలో వేసుకున్నా భారం కాదు. సెన్సరు, అంటే బొమ్మ పడే పలక, సాధారణ ఫోన్లలో ఉండేదానికంటే ఎన్నో రెట్లు పెద్దది. బొమ్మ 24 మెగాపిక్సెళ్ళు. గోడకు తగిలించే పటానికి అది ధారాళంగా చాలు. ఫోటో ఎంత వెలుగుగా, ఎంత చీకటిగా వస్తుందో తీయకముందే తెరలో కనిపిస్తుంది. కొత్తగా నేర్చుకునేవారికి ఇది గురువుతో సమానం. మనుషుల ముఖాన్ని, కంటిని తానే గుర్తుపట్టి ఫోకస్ చేస్తుంది. విడిగా మైకు తగిలించే సదుపాయమూ ఉంది.

ఇక లోపాలు. వాటిని కెమెరా పెట్టె మీద కాదు, మన పెళ్ళి పందిట్లో నిలబడి చూడాలి.

మరాఠీ పెళ్ళిలో మంగళాష్టకాలు ముగియగానే అంతర్‌పాట్ తొలగిస్తారు. తెలుగు పెళ్ళిలో జీలకర్ర బెల్లం వేళ అడ్డుతెర దించుతారు. భాషలు వేరైనా ఫోటో తీసేవాడికి రెండూ ఒకటే: వధూవరులు ఒకరినొకరు చూసుకునే ఆ క్షణం మళ్ళీ రాదు. మన వైపు చాలా మరాఠీ పెళ్ళిళ్ళు గోరజ ముహూర్తానికి, అంటే సందె వేళకు జరుగుతాయి. తెలుగువారి లగ్నాలు చాలావరకు రాత్రిపూట. రెండు చోట్లా వెలుగు తక్కువే.

కెమెరాతోపాటు ఇచ్చే 18–45 లెన్సు ఇక్కడే చేతులెత్తేస్తుంది. లెన్సులో వెలుగు వచ్చే ద్వారానికి ఒక నంబరు ఉంటుంది. నంబరు పెరిగేకొద్దీ ద్వారం చిన్నదవుతుంది. ఈ లెన్సును దగ్గరకు లాగితే ఆ నంబరు 6.3. విడిగా అమ్మే 50 మిల్లీమీటర్ల లెన్సుకు 1.8. ఈ రెండో లెన్సు మొదటిదానికంటే దాదాపు పన్నెండు రెట్లు ఎక్కువ వెలుగు తీసుకుంటుంది. "కిట్ లెన్సులో వణుకు ఆపే ఏర్పాటు ఉంది కదా" అంటారు దుకాణంవారు. నిజమే. అది మీ చేతి వణుకును ఆపుతుంది గాని, తలంబ్రాలు పోసే పెళ్ళికూతురి చేతిని ఆపదు!

రెండవది వీడియో. ఫోర్-కే అని గొప్పగా రాసి ఉంటుంది. ఈ కెమెరాలో ఫోర్-కే పెడితే చిత్రం అంచులు బాగా తెగిపోతాయి, ఫోకస్ నెమ్మదిస్తుంది. పెళ్ళికి ఫుల్ హెచ్‌డీయే మేలు. తెర తాకితే పనిచేయదు, తిరగదు. తాడోబాలో పులిని తీద్దామనుకుంటే జంతువుల కంటిని ఇది గుర్తుపట్టదు, కిట్ లెన్సుకు అంత దూరమూ అందదు.

మూడవది దుమ్ము. ఆవర్‌పూర్‌లో 1983 నుంచి సిమెంటు తయారవుతున్నది. చుట్టూ సున్నపురాయి గనులు, లారీల దారులు, నల్లరేగడి చేలు. అద్దం ఉన్న కెమెరాలో లెన్సు విప్పినా సెన్సరుకు ముందు అద్దం, షట్టరు అడ్డం ఉండేవి. ఇందులో సెన్సరు బట్టబయలే. దానిమీద పడ్డ ధూళికణం ప్రతి ఫోటోలో ఆకాశం మీద నల్లమచ్చగా కనిపిస్తుంది. కనుక లెన్సును ఆరుబయట మార్చకండి. గదిలో, కెమెరా ఆపి, దాని నోరు కిందికి వంచి మార్చండి. నోటితో ఊదవద్దు, గుడ్డతో తుడవవద్దు. గాలి ఊదే రబ్బరు బల్బు ఒకటి కొనుక్కోండి.

నాలుగవది ఎండ. ఈ కెమెరా పనిచేయడానికి కంపెనీ చెప్పిన పరిమితి 40 డిగ్రీలు. చంద్రపూర్ జిల్లా వేసవి 45 దాటుతుంది, పెళ్ళిళ్ళేమో అప్పుడే. నీడలో ఉంచండి, కారులో వదలకండి. తెర ఎప్పుడూ వెలుగుతూనే ఉంటుంది కనుక బ్యాటరీ త్వరగా అయిపోతుంది. రెండవది తప్పనిసరి. కార్డు పెట్టే చోటు ఒక్కటే. ఆ కార్డు చెడితే పెళ్ళి మొత్తం పోయినట్టే. ఇంటికి రాగానే, నిద్రకు ముందే, ఫోటోలు మరోచోటికి ఎక్కించాలి.

మరి కొనాలా, వద్దా? నా మాట ఇది. చేతిలో ఉన్న సొమ్మంతా కెమెరాకే పెట్టకండి. చౌక కెమెరా, దానికి 1.8 లెన్సు, ఒక ఫ్లాష్, అదనపు బ్యాటరీ, రెండు మంచి కార్డులు – వీటన్నిటి మొత్తం కాగితం మీద వేయండి. అది మీ శక్తికి లోబడితే కొనండి. ఖరీదైన కెమెరా కొని కిట్ లెన్సుతో సరిపెట్టుకున్నవాడి ఫోటోల కంటే, చౌక కెమెరాకు మంచి లెన్సు పెట్టినవాడి ఫోటోలే చీకటి పందిట్లో బాగుంటాయి. మీ బంధువుల ఇంట్లో పాత కానన్ ఈఎఫ్ లెన్సులు ఉంటే, అడాప్టర్ అనే చిన్న వలయంతో వాటినీ దీనికి తగిలించుకోవచ్చు. ఆ మేరకు ఖర్చు తగ్గుతుంది.

తల్లిదండ్రులకు ఒక మనవి. డబ్బు కట్టకముందు పిల్లలను ఒక సీజను ఎవరైనా ఫోటోగ్రాఫరు వెంట సహాయకులుగా పంపండి, అమ్మాయిలైనా సరే. పదిమంది పెళ్ళిళ్ళలో నిలబడి, రాత్రి మేలుకుని, తెర దిగే క్షణం కోసం కాచుకున్న తరువాత కూడా "కెమెరా కావాలి" అంటే, అప్పుడు ధైర్యంగా కొనివ్వండి. ఆ సొమ్ము వృథా పోదు.