వాసన చూసి నూనె పోల్చుకోకండి
(మండల సమాఖ్య వార్షిక మహాసభలో ఒక సభ్యురాలి ప్రసంగం)



మా సంఘం ఫినాయిల్, సబ్బులు, దోమల కొవ్వొత్తులు తయారుచేస్తుంది. వాసనకి రెండు నూనెలు వాడతాం: నిమ్మగడ్డి నూనె, సిట్రోనెల్లా నూనె. రెండూ నిమ్మ వాసనే వేస్తాయి గానీ, నిమ్మకాయ నుంచి వచ్చినవి కావు. రెండు రకాల గడ్డికి ఆవిరి పట్టి తీసినవి.

నిమ్మగడ్డి నూనెలో నూటికి 70 నుంచి 80 పాళ్ళు సిట్రాల్ ఉంటుంది. సబ్బుకి మంచి వాసన ఇచ్చేది అదే, చర్మాన్ని మండించేదీ అదే. సిట్రోనెల్లాలో ముఖ్యమైనవి సిట్రోనెల్లాల్, జెరానియాల్. దోమలకి దీనికి పేరుంది కానీ తొందరగా ఆవిరైపోతుంది. దాన్ని నమ్ముకుని దోమతెర మానకండి.

పోయిన వానాకాలం తప్పు నేనే చేశాను. సీసాకి చీటీ లేదు. వాసన చూసి సిట్రోనెల్లా అనుకుని, దోమలు కుడుతున్నాయని చేతులకి నేరుగా రాసుకున్నాను. అది నిమ్మగడ్డి నూనె. కాసేపటికే మంట, తెల్లారేసరికి బొబ్బలు. పాపకి కూడా రాద్దామనుకున్నాను. అప్పటికే నిద్రపోయింది కాబట్టి సరిపోయింది. సిట్రోనెల్లా అయినా అలా రాయకూడదని తర్వాత తెలిసింది.

అందుకే ఈ మాటలు గుర్తుపెట్టుకోండి. ఒంటికి రాయాలంటే 100 మిల్లీలీటర్ల కొబ్బరినూనెలో 10 చుక్కలు మించొద్దు. ముందు మోచేతి మడతలో కొంచెం రాసి ఒక రోజు ఆగి చూడండి. చంటిపిల్లలకి, గర్భిణులకి వద్దు. పచ్చి నూనె ఒంటి మీద పడితే వంటనూనెతో తుడిచి, సబ్బుతో కడగండి. కంట్లో పడితే 15 నిమిషాలు మంచినీళ్ళతో కడిగి ఆసుపత్రికి వెళ్ళండి. పిల్లలు తాగితే వాంతి చేయించకండి, సీసాతో సహా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్ళండి. కొవ్వొత్తుల మైనంలో నూనె కలిపేటప్పుడు గిన్నె పొయ్యి మీంచి దించాకే కలపండి. ఈ నూనెలు అంటుకుంటాయి. ప్లాస్టిక్ డబ్బాల్లో కాకుండా ముదురు రంగు గాజు సీసాల్లో, పిల్లలకి అందని చోట పెట్టండి.

ఒక్క చీటీకి ఎంత ఖర్చవుతుందమ్మా? నూనె పేరు, తేదీ, 'తాగరాదు, నేరుగా రాయరాదు' అన్న మాట లేకుండా ఏ సంఘం నుంచీ ఒక్క సీసా కూడా బయటికి పోకూడదని ఈ రోజే తీర్మానం రాయమని కోరుతున్నాను.

సెలవు.