బావంచాలు, ఎండ, తెల్లమచ్చలు: వెలుతురుకు కూడా డోసు ఉంటది

తుంగతుర్తి నుంచి మళ్ళీ మీ ముందుకు వచ్చేశా. ఇవ్వాళ్టి ముచ్చట లైట్ థెరపీ, అంటే వెలుతురుతో వైద్యం.

ఈ టాపిక్ ఎందుకు తీసుకున్నానంటే, పోయిన వారం మన పక్క మండలం నుంచి ఒక చెల్లె మెసేజ్ పెట్టింది. "అన్నా, నాకు చేతుల మీద, మూతి పక్కన తెల్లమచ్చలు ఉన్నయి. రెండేండ్ల నుంచి చర్మం డాక్టర్ ఇచ్చిన మందు వాడుతున్న. ఇంట్ల సంబంధాలు చూస్తున్నరు. మా బంధువు ఒకాయన ఆన్‌లైన్ల లైట్ థెరపీ మిషను తెప్పించిండు. మందులు బంద్ పెట్టి ఇది వాడు అంటున్నడు. ఆపాల్నా?" అని. మిషను డబ్బా ఫొటో కూడా పంపింది.

చెల్లె, ముందుగాల జవాబు చెప్పేస్తా. ఆపకు. ఎందుకో ఇప్పుడు చెప్తా.

ఆ డబ్బా మీద ఏడు రంగుల బొమ్మ ఉంది, ఆకు బొమ్మ ఉంది, నవ్వుతున్న అమ్మాయి ఉంది. ఎన్ని నానోమీటర్ల వెలుతురు, ఎంత బలం, ఎంత దూరం నుంచి, ఎన్ని నిమిషాలు, ఈ నాలుగింట్లో ఒక్కటీ లేదు. బీటెక్ చదివి నాలుగేండ్లు సాఫ్ట్‌వేర్ చేసినోణ్ణి కదా, డబ్బా చేతికొస్తే ముందు చూసేది అంకెలే. మాత్ర మీద 250 మిల్లీగ్రాములో 500 మిల్లీగ్రాములో రాయకుండా "మంచి మాత్ర" అని మాత్రమే రాస్తే మీరు మింగుతారా? ఇదీ అంతే.

అట్లని లైట్ థెరపీ ఉత్తదే అనుకోకండి. వెలుతురుతో వైద్యానికి 1903లోనే నోబెల్ బహుమతి వచ్చింది. నీల్స్ ఫిన్సెన్ అని డెన్మార్క్ డాక్టర్. చర్మానికి వచ్చే టీబీని కార్బన్ ఆర్క్ దీపం వెలుతురుతో నయం చేశాడు. ఆయన పుట్టింది ఫారో దీవుల్లో. అక్కడ ఎండ మొహం చూడ్డమే కష్టం. మనకేమో ఊరి పేరులోనే సూర్యుడు, సూర్యాపేట. పాత పేరు భానుపురి, అందులోనూ సూర్యుడే. మే నెలలో ఆ సూర్యుడు మనల్ని ఏం చేస్తాడో మీకు నేను చెప్పాల్సిన పని లేదు.

ఇప్పుడు అసలు విషయం, బొల్లి. మన చర్మానికి రంగునిచ్చే కణాల మీద మన ఒంట్లోని రక్షణ వ్యవస్థే దాడి చేస్తది. రంగు పోయి తెల్లమచ్చ మిగులుతది. ఇది అంటుకోదు. కలిసి తింటే రాదు, పక్కన పడుకుంటే రాదు. కుష్టు అసలే కాదు. కుష్టు మచ్చలో స్పర్శ తగ్గుతది, బొల్లి మచ్చలో గిల్లితే మామూలుగానే నొప్పి పుడతది. ఇంత తేలిగ్గా తెలిసే తేడాను పక్కన పెట్టి, పెండ్లిచూపులకు ఫుల్ చేతుల జాకెట్ తొడిగించే ఇండ్లు మన దగ్గర ఇంకా ఉన్నయి.

ఈ బొల్లికి మన పెద్దలు వాడింది బావంచాలు. పసారి కొట్టులో అడిగితే ఇప్పటికీ ఇస్తారు, నల్లటి చిన్న గింజలు. ఆయుర్వేదంలో బాకుచి, యునానీలో బాబ్చీ. మచ్చ మీద రాసి ఎండలో కూర్చోమనేవాళ్ళు. నీడలో కూర్చుంటే మందు పెద్దగా పని చేయదని వాళ్ళకు తెలుసు. ఆ గింజలో సోరాలెన్ అనే పదార్థం ఉంటది. అది కణంలోకి పోయి డీఎన్‌ఏ దగ్గర కూర్చుంటది. ఎండలోని అతినీలలోహిత కిరణాలు, అందులోనూ యూవీఏ తగిలినప్పుడే మేల్కొంటది. మన భాషలో చెప్పాలంటే, మందు తాళం చెవి అయితే ఎండ దాన్ని తిప్పే చెయ్యి.

ఇదే పని ఈజిప్టులో నైలు నది ఒడ్డున మొలిచే ఇంకో మొక్కతో చేసేవాళ్ళు. దాని మీద కైరో డాక్టర్ అబ్దెల్ మొనెమ్ ఎల్ మోఫ్తీ పని చేసి, 1948లో బొల్లి రోగుల ఫలితాలు ప్రచురించాడు. 1974లో అమెరికాలో ఆ మందుకు యూవీఏ దీపాలు జోడించి సోరియాసిస్‌కు వాడారు. దాన్నే పూవా అంటారు. దీపం బదులు ఎండ వాడితే పూవాసోల్. మన దేశంలో చర్మం డాక్టర్లు ఇది బాగా రాస్తారు, ఎందుకంటే ఎండకు బిల్లు లేదు. ఆ తర్వాత, 1997లో ఆమ్‌స్టర్‌డామ్ డాక్టర్లు బొల్లికి మందు లేకుండా 311 నానోమీటర్ల యూవీబీ దీపం ఒక్కటే చాలా వరకు పని చేస్తదని చూపించారు. న్యారోబ్యాండ్ అంటారు. ఇప్పుడు పెద్ద ఆస్పత్రుల్లో ఎక్కువగా వాడేది అదే.

చూశారా, 311. చెల్లె పంపిన డబ్బా మీద లేనిది అదే.

మన దగ్గరికి వద్దాం. హైదరాబాద్ ఎర్రగడ్డలో కేంద్ర ప్రభుత్వ యునానీ పరిశోధన సంస్థ ఉంది. ఎర్రగడ్డ అనగానే మనోళ్ళకు వేరే ఆస్పత్రి గుర్తొచ్చి నవ్వుతారు, నవ్వకండి. బొల్లికి, వాళ్ళ మాటలో బరస్‌కు, దేశం నలుమూలల నుంచి జనం అక్కడికి వస్తారు. బాబ్చీ కలిసిన మందులు ఇచ్చి, రాసుకుని ఎండలో కూర్చోమని చెప్తారు. సూర్యాపేట బస్సెక్కి ఎల్బీ నగర్‌లో దిగితే అక్కడి నుంచి మెట్రో నేరుగా ఎర్రగడ్డకే.

అయితే ఇక్కడ ఒక చిక్కుంది. న్యారోబ్యాండ్ అంటే వారానికి రెండు మూడు సార్లు, నెలల తరబడి. సూర్యాపేట నుంచి హైదరాబాద్ 130 కిలోమీటర్ల పైనే. పత్తి ఏరే ఆమె వారంలో మూడు కూలి దినాలు వదులుకుని దీపం కింద నిలబడడానికి పోతదా? పోదు. అందుకే మన పల్లెలకు ఎండే దిక్కు. ఎండ వైద్యాన్ని నేను తక్కువ చెయ్యట్లేదు, దాన్ని లెక్కగా వాడుకోవాలంటున్నా.

లెక్క తప్పితే ఏమైతదో మా వాడలోనే చూశా. ఒకాయన ఎవరో చెప్పారని బావంచాల నూనె రాసుకుని ఎండాకాలం మధ్యాహ్నం గంటసేపు మోకాళ్ళు ఎండలో పెట్టి కూర్చున్నాడు. సాయంత్రానికి నిమ్మకాయలంత బొబ్బలు. కాలిన చోట, గాయమైన చోట బొల్లి కొత్తగా పుట్టొచ్చు, ఇది డాక్టర్లకు బాగా తెలిసిన విషయం. ఆయనకు బొబ్బ మానిన చోట మచ్చ ముందుకన్నా పెద్దదైంది. ఇక బావంచాలు నోటితో ఇష్టమొచ్చినట్టు తిని లివర్ దెబ్బతిన్న కేసులు కూడా నమోదయ్యాయి. సహజమైనది కదా ఏం కాదులే అనే మాట నాకు అస్సలు నచ్చదు. గన్నేరు కూడా సహజమే.

కాంప్లిమెంటరీ, ఇంటిగ్రేటివ్ అనే మాటలు ఈ మధ్య తెగ వినబడుతున్నయి. అర్థం ఒక్కటే, ఉన్న వైద్యానికి తోడుగా. దాని బదులుగా కాదు. ఎర్రగడ్డ మందు వాడుతుంటే ఆ సంగతి చర్మం డాక్టర్‌కు తెలియాలి, ఎందుకంటే రెండు చోట్లా సోరాలెన్ ఉంటే ఒంటికి డబుల్ డోసు.

మధ్యలో ఒక మాట, పసిపిల్లల పచ్చకామెర్లు. 1956లో ఇంగ్లండ్‌లోని రోచ్‌ఫర్డ్ ఆస్పత్రిలో సిస్టర్ జీన్ వార్డ్ అనే నర్సు, ఎండకు పట్టిన బిడ్డ ఒంటి మీద దుప్పటి కప్పిన చోట మాత్రమే పసుపు మిగిలిందని గమనించింది. అక్కడి డాక్టర్లు దీన్ని పట్టుకుని 1958లో దీపాల వైద్యం ప్రచురించారు. మన నానమ్మలు పొద్దటి ఎండలో పిల్లల్ని పడుకోబెట్టడం వెనక నిజం ఉందన్నమాట. కానీ ఆ నీలం దీపం కింద బిడ్డకు ఎంత వెలుతురు అందుతుందో కొలుస్తారు, రక్తంలో బిలిరుబిన్ ఎంత తగ్గిందో చూస్తారు. వాకిట్లో ఎండకు ఆ కొలత లేదు. అరచేతులు, పాదాల దాకా పసుపెక్కినా, బిడ్డ పాలు తాగకుండా మత్తుగా పడుకున్నా ఎండ, పసరు రెండూ వదిలేసి వెంటనే సర్కారు దవాఖానకు పరిగెత్తండి. మెదడుకు ఎక్కితే వినికిడి పోతది, కాళ్ళు చేతులు దెబ్బతింటయి. సూర్యాపేటలో 2019 నుంచి మెడికల్ కాలేజీ ఉంది, హైదరాబాద్ దాకా పోయే పని లేదు.

మళ్ళీ బొల్లికి. ఎంత పని చేస్తదన్నా అని అడుగుతారు. మొహం మీద మచ్చలు బాగా స్పందిస్తయి. వేళ్ళ కొసలు, పెదవులు మొండివి. రంగు ముందుగా వెంట్రుక మొదళ్ళ దగ్గర చిన్న చిన్న చుక్కలుగా వస్తది, ఎందుకంటే రంగు కణాల విత్తనాలు అక్కడే దాగి ఉంటయి. మచ్చలో వెంట్రుకలు కూడా తెల్లబడితే పని కష్టం. చుక్కలు కనబడడానికే నెలలు పట్టొచ్చు. రెండు వారాల్లో మాయం చేస్తానన్నవాడి దగ్గర పర్సు తీయకండి.

చర్మం డాక్టర్ దగ్గరికి పోయినప్పుడు చీటీ మీద ఇవి రాయించుకోండి: మందు రాసుకున్న ఎంతసేపటికి ఎండలోకి పోవాలి, ఏ టైములో, ఎన్ని నిమిషాల నుంచి మొదలుపెట్టాలి, ఎన్ని రోజులకొకసారి పెంచాలి. ఎరుపు ఎంత వస్తే ఆపాలో కూడా అడగండి. డిసెంబర్ ఎండకు రాసిన నిమిషాలు ఏప్రిల్‌కు పనికి రావు, కాబట్టి కాలం మారినప్పుడు మళ్ళీ చూపించుకోండి. సోరాలెన్ మాత్ర వేసుకుంటే ఆ రోజంతా యూవీని ఆపే కళ్ళద్దాలు పెట్టుకోవాలి, బండి మీద పోయేవాళ్ళు ఇది మరవొద్దు. ఎండలో కూర్చున్న నిమిషాలు క్యాలెండర్ మీదే రాసి పెట్టుకోండి. నెలకోసారి అదే గోడ ముందు, అదే టైముకు మచ్చను ఫొటో తీయండి. డాక్టర్‌కు చూపించడానికి దానికన్నా మంచి రిపోర్టు ఉండదు.

బొల్లి ఉన్నవాళ్ళలో కొందరికి థైరాయిడ్ సమస్య కూడా ఉంటది, ఆ రక్తపరీక్ష గురించి కూడా డాక్టర్‌ను అడగండి. వచ్చే ఎపిసోడ్ థైరాయిడ్ మీదే. ఉంటానండి.