పాల వ్యాను – హెడ్ గాస్కెట్

(రూటు వ్యాన్ల మీద ఆధారపడిన సంఘాల ప్రతినిధుల సమావేశంలో రవాణా విభాగం తరఫున చేసిన ప్రసంగ పాఠం)



మేత గురించో, వెన్న శాతం గురించో వినవచ్చునని వచ్చినవారికి ఇంజను సంగతి చెబుతున్నందుకు మన్నించాలి. పితికిన పాలు గేదె ఒంటి వేడితోనే ఉంటాయి. వాటిని 4 డిగ్రీలకు చల్లబరిచేదాకా సూక్ష్మజీవులు పెరుగుతూనే ఉంటాయి. బల్క్ కూలర్లు వచ్చిన ఊళ్ళకు ఈ బెంగ చాలావరకు తీరింది. క్యాన్లతో పంపే ఊళ్ళకు మాత్రం పశువుల పాకకూ శీతల కేంద్రానికీ నడుమ ఉన్నది ఆ పాత డీజిల్ వ్యాను ఒక్కటే.

ఒక వేసవిలో మా రూటు వ్యాను ఒకటి ఉదయం పూట దారిలో ఆగిపోయింది. అప్పటికే ఏడు ఊళ్ళ పాలు ఎక్కాయి. వేరే బండి వెళ్ళి క్యాన్లు దింపుకొని వచ్చేసరికి మూడు గంటలు దాటింది. కేంద్రంలో మరగబెట్టి చూస్తే సగానికి పైగా క్యాన్ల పాలు విరిగిపోయాయి. మెకానిక్కు హెడ్డు విప్పి చూపించాడు. రెండో సిలిండరుకూ మూడో సిలిండరుకూ మధ్య గాస్కెట్ కాలిపోయి ఉంది. డ్రైవరును అడిగితే, పది రోజులుగా రోజూ రేడియేటరులో నీళ్ళు పోస్తూనే ఉన్నానన్నాడు. మరి ముందే ఎందుకు చెప్పలేదని అడిగాము. అతని జవాబు చివర చెబుతాము.

ఇంజనులో కింద ఉండేది బ్లాకు, పైన మూతలా కూర్చునేది హెడ్డు. ఆ రెంటి నడుమ ఉండే పలుచని రేకే గాస్కెట్. కుక్కరు మూతకు రబ్బరు రింగు ఎలాగో దీనికి ఇది అలాగ. అయితే రింగు ఆవిరిని మాత్రమే ఆపుతుంది. గాస్కెట్ సిలిండరులోని మంటను, చుట్టూ తిరిగే నీళ్ళను, పైకి పోయే ఆయిలును, మూడింటినీ ఒకదానితో ఒకటి కలవకుండా ఆపాలి. పాత టెంపో వ్యాన్లలో ఉండే ఓఎం 616 డీజిల్ ఇంజను గాలిని సుమారు 21వ వంతుకు నొక్కుతుంది. అంత ఒత్తిడిని ఏళ్ళ తరబడి కాచే గాస్కెట్ ఊరికే పోదు. చాలాసార్లు ఇంజను వేడెక్కడం వల్లనే పోతుంది. వేడికి హెడ్డు వెంట్రుకవాసి వంగినా చాలు, అక్కడ దారి దొరుకుతుంది.

దారి దొరికిందని ఎలా తెలుసుకోవాలి? పాలలో నీళ్ళు కలిస్తే లాక్టోమీటరు చెబుతుంది, ఆయిలులో నీళ్ళు కలిస్తే డిప్‌స్టిక్కు చెబుతుంది. పుల్లకు పాలు ఎక్కువైన టీ రంగు జిడ్డు అంటితే ఆ బండిని కదపవద్దు. వానాకాలంలో ఆయిలు పోసే మూత లోపల మాత్రం కొంచెం తెల్లని నురగ పడితే కంగారు అక్కరలేదు, అది చెమ్మ కావచ్చు. ఎక్కడా కారకుండానే నీళ్ళు తగ్గుతుంటే, ఇంజను కాగిన తర్వాత కూడా తెల్లపొగ ఆగకుంటే, చల్లని ఇంజను స్టార్టు చేసిన కొద్దిసేపటికే రేడియేటరు పైగొట్టం రాయిలా బిగిస్తే అనుమానించాలి. తెల్లవారుజామున చల్లని ఇంజను మూత తీసి, స్టార్టు చేసి, రేడియేటరులోకి చూడమనండి. బుడగలు ఆగకుండా వస్తుంటే మంట నీళ్ళలోకి చొరబడుతున్నట్టే. కాగిన ఇంజను మూత మాత్రం ఎవరూ తీయకూడదు. ఎగిసిపడే నీళ్ళు ముఖం కాల్చేస్తాయి.

కొందరు రేడియేటరులో పసుపు వేస్తారు. చిన్న కారుడు ఆగినట్టే ఉంటుంది గాని, ఆ పొడి సన్నని గొట్టాలను పూడ్చి ఇంజనును మరింత వేడెక్కిస్తుంది. బోరు నీళ్ళదీ అదే తంతు. మన గిన్నెల అడుగున పట్టే తెల్లని పొక్కే ఇంజను లోపలా పడుతుంది. మంచి నీటిలో కూలెంటు కలిపి పోయాలి. ఫ్యాను బెల్టు బిగువు, గొట్టాల పగుళ్ళు వారానికి ఒకసారి చూడాలి. వేడెక్కిన ఇంజను మీద చన్నీళ్ళు గుమ్మరించడం అన్నిటికన్న చెడ్డ అలవాటు. దానితో హెడ్డే పగలవచ్చు.

ఇక మార్పించే పని. బిల్లు మీద సంతకం పెట్టే కార్యదర్శులు ఈ భాగం శ్రద్ధగా వినాలి. గాస్కెట్ ఖరీదు చిన్నది, కూలి పెద్దది. అందువల్ల ఒకే పని రెండుసార్లు చేయించుకోరాదు. ఇంజను పూర్తిగా చల్లారాకనే హెడ్డు విప్పాలి. విప్పిన గాస్కెట్ తెమ్మని అడిగి చూడండి, కాలిన చోటు కథంతా చెబుతుంది. హెడ్డు మీద సరళమైన ఉక్కు బద్ద పెట్టి కింద ఫీలర్ గేజి ఆడించి చూడాలి. 0.1 మిల్లీమీటరు రేకు సులువుగా దూరుతుంటే లేత్ షాపులో సాపు చేయించక తప్పదు. ఈ పరీక్ష చేయకుండా కొత్త గాస్కెట్ వేస్తే అది కొద్దినాళ్ళకే మళ్ళీ కాలుతుంది. బోల్టు గుంటల్లో నీరు, ఆయిలు లేకుండా తుడవాలి. అవి అడుగున మిగిలితే బోల్టు బిగించేటప్పుడు ఆ ఒత్తిడికి బ్లాకు చీలవచ్చు. బోల్టులు మధ్య నుండి మొదలుపెట్టి అంచులకు పోతూ, కంపెనీ పుస్తకం చెప్పిన బిగువుకు, రెండు మూడు విడతలుగా టార్కు రెంచితో బిగించాలి. చేతి అంచనా పనికిరాదు. పాత రకం గాస్కెట్లకు కొన్ని వందల కిలోమీటర్లు తిరిగాక మళ్ళీ బిగించమని పుస్తకంలో ఉంటుంది. ఉంటే ఆ తేదీ ముందే రాసుకోండి, వాల్వుల ఖాళీ కూడా అప్పుడే సరిచూపించండి. నీళ్ళు కలిసిన ఆయిలును పారబోసి ఫిల్టరుతో సహా మార్చాలి. అన్నిటికన్న ముందు, అసలు ఎందుకు వేడెక్కిందో మెకానిక్కు చేత చెప్పించండి. పూడిన రేడియేటరును అలాగే వదిలి గాస్కెట్ ఒక్కటే మార్చిన బండ్లను మేము ఎన్నో చూశాము.

డ్రైవరు ఇచ్చిన జవాబు ఇది. "ఆలస్యమైతే జీతంలో కోత పెడతారు సార్, బండి ఆపితే రూటు ఇంకొకరికిస్తారు. నీళ్ళు పోసుకుంటూ నడిపాను." ఆ కోత నిబంధన రాసింది మేమే. పాలు విరిగినందుకు అతని మీద కోపం తెచ్చుకున్నాము గాని, నోరు విప్పనీయనిది మా రిజిస్టరేనని తర్వాత గాని తెలియలేదు. నష్టం మాత్రం ఏడు ఊళ్ళ ఆడవాళ్ళకు వచ్చింది. ఆ వారం పాల డబ్బు తగ్గింది.

ఆ తర్వాత నిబంధన మార్చాము. లోపాన్ని ముందురోజు సాయంత్రంలోగా చెప్పిన డ్రైవరుకు కోత లేదు. ఆ రూటుకు బదులు బండి పంపే బాధ్యత మాది. రూటు పుస్తకంలో డీజిల్ పక్కనే "పోసిన నీళ్ళు, లీటర్లలో" అని కొత్త గడి గీశాము. పోయనినాడు సున్నా వేయించండి, ఖాళీగా వదలనీయకండి. వరుసగా మూడు రోజులు అంకె కనబడితే మీ సంఘం నుండే మాకు కబురు పంపండి, డ్రైవరు వద్దన్నా సరే.