మూడో పార్టీకి పడిన ఓటు

మూడో పార్టీ బరిలోకి దిగితే చాలు, ‘ఓట్లు చీలతాయి’ అంటారు. ఎవరి ఓట్లు?

2009 ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ఎన్నికలు చూద్దాం. సినీనటుడు చిరంజీవి పెట్టిన ప్రజారాజ్యం పార్టీ తొలి పోటీలోనే 16 శాతానికి పైగా ఓట్లు తెచ్చుకుంది. 294 సీట్లలో దక్కినవి మాత్రం 18. కాంగ్రెస్ 36 శాతం పైచిలుకు ఓట్లతోనే 156 సీట్లు గెలిచి అధికారం నిలబెట్టుకుంది. మన పద్ధతిలో సగం ఓట్లు రానక్కర్లేదు, మిగతావాళ్లందరికంటే ఒక్క ఓటు ఎక్కువొస్తే సీటు దక్కుతుంది. ప్రభుత్వ వ్యతిరేక ఓటు రెండు వైపులా పోతే అధికార పార్టీ గట్టెక్కుతుంది. ప్రజారాజ్యం వల్ల ప్రతిపక్షమైన తెలుగుదేశం నష్టపోయిందన్న వాదన ఇదే.

అయితే ఆ ఓట్లన్నీ తెలుగుదేశానికే పడేవని ఎలా చెప్పగలం? కొన్ని కాంగ్రెస్‌కే పడేవేమో. కొందరు అసలు పోలింగ్ కేంద్రానికే వచ్చేవారు కాదేమో. అంతెందుకు, సొంత జిల్లాలోని పాలకొల్లులో చిరంజీవినే కాంగ్రెస్ అభ్యర్థి ఓడించారు, ఆయన గెలిచింది తిరుపతిలో. ఓటు ఏ పార్టీ సొత్తూ కాదు. నచ్చినవారికి వేసిన ఓటరును ‘చీల్చాడు’ అని నిందించడం అన్యాయం.

2011లో ప్రజారాజ్యం కాంగ్రెస్‌లోనే కలిసిపోయింది. కాంగ్రెస్ వద్దనుకుని ప్రజారాజ్యానికి ఓటేసినవారు మళ్లీ కొత్త దారి వెతుక్కోవలసి వచ్చింది.